కుర్చీ ప్రశ్నకి ఎర్ర చుక్క

3వ తేదీ, సోమవారం

"వెళ్లి ఆ గోడకి చెప్పుకోండి, నా చెవులు నొప్పెడుతున్నాయి" అంది మా ఆవిడ. గోడకి చెప్పి చూశాను. అదీ అటు తిరిగినట్టే అనిపించింది. అందుకని ఇందులో రాస్తున్నాను. పిండి కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టుకున్నాం. తీశాక బల్ల ఊగుతోంది. ఊగనీ.

నాకొచ్చిన అక్షరాలు పిండి బస్తాల మీద చూసి నేర్చుకున్నవి. చాలు. పొయ్యికి చదువక్కర్లేదు.

సంగతేమిటంటే, మా బ్రెడ్డు ఫ్యాక్టరీలోకి సాఫ్ట్‌వేర్ వచ్చింది. క్వాలిటీ మేడమ్ విభాగాల పెద్దలందర్నీ పిలిచి చేతికొక ట్యాబ్ ఇచ్చింది. ఇకమీదట ఒక విభాగం పెద్ద ఇంకో విభాగానికి ప్రశ్నలు తయారుచెయ్యాలట. తనే వెళ్లి చూసి, జవాబులు నొక్కాలట. మార్కులు సాఫ్ట్‌వేర్ వేస్తుందట. దీన్ని ఆడిట్ అంటారట.

"నాకు పద్ధతిగా రాయడం రాదు" అన్నాను. నాకు సిగ్గేం లేదు.

"రాయక్కర్లేదు మేస్త్రిగారూ. మీరు నోటితో చెప్పండి. అదే పద్ధతిగా మార్చి రాసుకుంటుంది" అంది మేడమ్.

చీట్లు తీశారు. పొయ్యి మేస్త్రినైన నాకు ప్యాకింగ్ విభాగం పడింది. ప్యాకింగ్‌కి పెద్ద మా వియ్యంకుడు. నా కూతురి మామగారు. అతనికి నా పొయ్యి పడింది.

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. నవ్వు ఆపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది.


4వ తేదీ, మంగళవారం

కుర్చీ సంగతి ఇక్కడ రాసి పెట్టాలి. గోడకి చాలాసార్లు చెప్పాను కానీ డైరీకి చెప్పలేదు.

పోయిన నెల నా రొట్టెలు నలిగిపోతున్నాయని అడగడానికి ప్యాకింగ్ గదికి వెళ్లాను. నలభై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని. పైగా పిల్లనిచ్చినవాణ్ణి. వియ్యంకుడు నాతో అరగంట మాట్లాడాడు. కూర్చోమనలేదు. ప్యాకింగ్ పిల్లలందరూ చూస్తున్నారు. అతనూ నిలబడే మాట్లాడాడు, నన్ను తొందరగా సాగనంపాలని. అంత తెలియని వెర్రివాణ్ణి కాదు నేను.

ఇవాళ పొయ్యి వెనకాల కూర్చుని ట్యాబ్‌తో మాట్లాడాను. మొదట నమ్మకం లేక మెల్లగా అన్నాను. "ఆ గదిలో చేతుల కంటే నోళ్లు ఎక్కువ ఆడతాయి" అన్నాను. అది గిరగిరా తిరిగి ఇలా రాసింది:

"పని సమయంలో సిబ్బంది సంభాషణలు పని వేగాన్ని ప్రభావితం చేయకుండా నియంత్రణలో ఉన్నాయా?"

నా మాటకి ఇస్త్రీ చేసి, చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టింది.

"నా దగ్గర బయల్దేరేటప్పుడు ఉబ్బిన రొట్టె, అక్కడికెళ్లేసరికి అత్తారింట్లో అల్లుడు కూర్చున్న దిండులా అవుతుంది" అన్నాను. "అందిన ఉత్పత్తుల ఆకృతి కాపాడబడుతోందా?" అని రాసింది.

ఇక నోటికి అడ్డేముంది. కుర్చీ సంగతి మొత్తం చెప్పాను. ఇంకేవో కూడా అన్నాను. అది అవన్నీ వదిలేసి, అసలు ముక్క పట్టుకుంది:

"సందర్శనకు వచ్చే ఇతర విభాగాల పెద్దలకు తగిన ఆసన సదుపాయం కల్పించబడుతోందా?"

చాలా తెలివైన సాఫ్ట్‌వేర్. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో దానికి తెలుసు. మా ఇంట్లో ఆ గుణం ఎవరికీ లేదు.


5వ తేదీ, బుధవారం

ప్రశ్నలు పెరుగుతున్నాయి. ప్యాకింగ్ గదిలో ఫ్యాను నా వైపు ఎందుకు తిప్పరు అన్నది కూడా ప్రశ్న అయింది. గాలి ప్రసరణ అట.


6వ తేదీ, గురువారం

ప్రతి ప్రశ్న పక్కనా చిన్న చుక్క ఉంటుంది. నొక్కితే ఎర్రగా అవుతుంది. ఇదేమిటా అని కాసేపు చూశాను. తర్వాత తెలిసిపోయింది. మాకు వచ్చే పిండిలో మొదటి రకం బస్తాల మీద ఎర్ర చుక్క ఉంటుంది. రెండో రకానికి నీలం. మూడో రకానికి ఏమీ ఉండదు, దాన్ని నేను గుమ్మం దాటనివ్వను.

అంటే మన ప్రశ్నల్లో మొదటి రకందానికి ఎర్ర చుక్క పెట్టాలన్నమాట. అడగక్కర్లేదు, చూస్తే తెలియడంలేదూ. కుర్చీ ప్రశ్నకి పెట్టాను. మిగతావి కూడా బాగానే ఉన్నాయి కానీ అన్నిటికీ పెడితే విలువుండదు.

భోజనం దగ్గర మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలు దగ్గర కొంచెం కాలింది. ట్రే అంచు.

"గ్లౌజులు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"గ్లౌజులు వేసుకుంటే రొట్టె ఎలా ఉందో చేతికి తెలియదు."

"కాలితే తెలుస్తోందా? అన్నయ్యగారు చూడండి, మోకాలికి పట్టీ వేసుకోమని డాక్టరు చెప్తే మారుమాట్లాడకుండా వేసుకున్నారు."

వియ్యంకుణ్ణి అన్నయ్యగారు అంటుంది. అన్నయ్యగారు కూరలు బాగా ఏరుతారు. అన్నయ్యగారు కోపంలో కూడా గొంతు పెంచరు. ఈ ఇంట్లో నాకంటే ఎక్కువ మెతుకులు ఆయన పేరే తింటుంది.

రేపు ఆడిట్.


7వ తేదీ, శుక్రవారం

ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. ట్యాబ్‌ని చంకలో పెట్టుకున్నాను.

వియ్యంకుడు కత్తిరించే యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. "రండి బావగారూ. పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చారే" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"సంభాషణలు నియంత్రణలో ఉన్నాయా అని చూడ్డానికి వచ్చాను" అన్నాను.

"ఏమిటీ?"

"మీకర్థం కాదులెండి. ఇది ఆడిట్ భాష."

గది అంతా తిరిగాను. రొట్టెలు నొక్కి చూశాను. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాయి. నేను వస్తున్నానని ముందే సర్దుకుని ఉంటారు. వాటికి "అవును" నొక్కాను. నేను అన్యాయస్తుణ్ణి కాను.

తర్వాత గది మధ్యలో నిలబడ్డాను. ఊరికే నిలబడ్డాను. యంత్రం ఒక వాయి రొట్టెలు కోసింది. ఇంకో వాయి కోసింది.

"ఇంకా ఏమైనా చూడాలా బావగారూ?"

"చూస్తున్నాను."

"దేన్ని?"

"మర్యాదని."

అతను అటూ ఇటూ చూసి, "అది ఏ అరలో ఉందో నాకూ తెలీదు, వెతుక్కోండి" అని మళ్లీ యంత్రం దగ్గరికి పోయాడు.

అంతే. కుర్చీ ప్రశ్నకి "లేదు" నొక్కాను. రుజువుకి ఫొటో కావాలంది. నేను నిలబడి ఉన్నట్టు నా కాళ్లు ఫొటో తీసి పంపాను. అందిందని పచ్చ అక్షరాలు వచ్చాయి.

సాయంత్రం ఇంట్లో ఈల వేశాను. మా ఆవిడ, "ఎవరి కొంపకి నిప్పు పెట్టొచ్చారు?" అని అడిగింది. ఆవిడకి అనుమానం జాస్తి.


8వ తేదీ, శనివారం

పొద్దున్నే గోడ మీద పెద్ద తెరలో మార్కులు వేశారు.

ప్యాకింగ్: సున్నా.

ఇరవై ప్రశ్నల్లో ఎక్కువ వాటికి "అవును" నేనే నొక్కాను. సున్నా ఎలా వస్తుంది? మేడమ్ దగ్గరికి పోయాను.

"మీరు కుర్చీ ప్రశ్నకి ఎర్ర చుక్క పెట్టారు కదా మేస్త్రిగారూ."

"మొదటి రకం ప్రశ్న కనక పెట్టాను."

"ఎర్ర చుక్కంటే ప్రాణం మీదికొచ్చే విషయం. పిండిలో గాజుముక్క, తీగ తెగిన యంత్రం, అలాంటివాటికి పెట్టేది. చుక్క ఉన్న ప్రశ్న ఒక్కటి తప్పితే మిగతావన్నీ బాగున్నా మొత్తం సున్నా."

"ముందు చెప్పొద్దూ!"

"సోమవారం చెప్పాను. అప్పుడు మీరు దగ్గుతున్నారు."

మార్చమన్నాను. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేదంది. మేడమ్ గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది. వియ్యంకుడికి ఈ నెలాఖరుతో సర్వీసు సరి. ఇంకో ఏడాది ఉంచమని అడిగాడట. శుక్రవారం మీటింగులో తేలుస్తారట. విభాగానికి డెబ్బై మార్కులు లేకపోతే ఆ కాగితం చూడను కూడా చూడరట.

నా పొయ్యికి అతను వేసిన మార్కులు తొంభై ఆరు. ఒక్క ప్రశ్నకే "లేదు". "విభాగం పెద్ద గ్లౌజులు ధరిస్తున్నారా?"

నాలుగు మార్కులు కొట్టేశాడు. చూశారా బుద్ధి.


9వ తేదీ, ఆదివారం

మా ఆవిడ కూతురింటికి వెళ్లింది. సాయంత్రం వస్తానంది. చీకటి పడకముందే ఫోను చేసి రానంది. మనవరాలికి జలుబట.

అన్నం నేనే వండుకున్నాను. బాగానే వచ్చింది. కింద కొంచెం అంటుకుంది, అది గిన్నె తప్పు.


10వ తేదీ, సోమవారం

జలుబు తగ్గలేదట. పిల్లల జలుబు అంత తొందరగా తగ్గదు.

ఫ్యాక్టరీలో వియ్యంకుడు ఎదురుపడ్డాడు. "బావగారూ" అన్నాను. అతను నా భుజం మీదుగా గోడ మీది గడియారం చూసి వెళ్లిపోయాడు. గొంతు పెంచలేదు. అన్నయ్యగారు ఎప్పుడూ గొంతు పెంచరు కదా.

ఇల్లు హాయిగా ఉంది. ఎవరూ ఏమీ అనడంలేదు.


11వ తేదీ, మంగళవారం

హాయిగానే ఉంది.

బల్ల మాత్రం ఊగుతోంది.


12వ తేదీ, బుధవారం

నేను ఇంటికొచ్చేసరికి కూతురు లోపల ఉంది. వాళ్లమ్మ చీరలు సంచిలో పెడుతోంది. కళ్లజోడు కూడా తీసుకుంది. జలుబుకి కళ్లజోడెందుకు?

"దానికి జ్వరం కూడా వచ్చిందా?" అన్నాను.

"ఎవరికి నాన్నా?"

"నీ కూతురికి. జలుబని మీ అమ్మ..."

"దానికేం లేదు. మేడ మెట్లు ఎక్కీ దిగీ మమ్మల్ని చంపుతోంది." సంచి మూతి కట్టి నా ఎదురుగా నిలబడింది. నిలబడే తీరు అచ్చం వాళ్లమ్మే. "నువ్వు నిజంగానే తెలీనట్టు మాట్లాడుతున్నావా, నటిస్తున్నావా?"

"తెలిస్తే ఎందుకడుగుతాను?"

అప్పుడు చెప్పింది. ఆ దరిద్రపు సాఫ్ట్‌వేర్ నా మాటల్ని మర్యాదగా మార్చి రాయడమే కాదు, నా గొంతు కూడా దాచుకుందట. ప్రతి ప్రశ్న పక్కనా చిన్న బూర బొమ్మ ఉంటుందట. నొక్కితే నేను అసలు అన్న మాటలు వినిపిస్తాయట. ఆడిట్ కాగితం వియ్యంకుడి ఫోనుకి వెళ్లింది. ఆదివారం అందరూ టీ తాగుతుంటే మనవరాలు ఆ బూర నొక్కింది. "తాతయ్య! తాతయ్య!" అని గెంతుతూ మళ్లీ మళ్లీ నొక్కిందట.

"ఏమన్నానేం?" అన్నాను.

"చెప్పనా? 'ఆ మహానుభావుడు కుర్చీ వెయ్యడు. వేసినా దాని కాలు విరిగి ఉంటుంది. అయినా ఇంట్లో ఆవిడే అతన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంటే బయటివాళ్లు నాకేం మర్యాదిస్తారు? ఆవిడకి మంచీ చెడూ తెలిస్తే నన్నెందుకు చేసుకుంటుంది?'"

అంతా అప్పచెప్పింది. ఎన్నిసార్లు విన్నదో పాపం.

"ఆ చివరి ముక్క నన్ను నేను తిట్టుకున్నట్టే కదా" అన్నాను.

"అమ్మకి అలా వినిపించలేదు."

"మీ మామగారేమన్నారు?"

"ఫోను తీసుకెళ్లి బీరువా మీద పెట్టేశారు." గుమ్మం దగ్గర ఆగింది. "నాన్నా, నీకింకోటి తెలుసా? ఆ గ్లౌజుల ప్రశ్న మామయ్యగారిది కాదు. అమ్మది. నువ్వెలాగూ అమ్మ మాట వినవని, ఆడిట్‌లో పెడితేనైనా వింటావని మామయ్యగారిని బతిమాలింది. ఎర్ర చుక్క కూడా పెట్టమంది. మామయ్యగారే పెట్టలేదు."

"ఏం, ఎందుకు పెట్టలేదు?"

"'చుక్క పెడితే మీ నాన్నకి సున్నా వస్తుందమ్మా, ఆయన తట్టుకోలేడు' అన్నారు."

అంత తట్టుకోలేనివాణ్ణేం కాను.

సంచి నేనే మోసి ఆటో దాకా తీసుకెళ్లాను. చీరలు బరువేం లేవు. ఎక్కువ రోజులకి కాదన్నమాట.


13వ తేదీ, గురువారం

పని మధ్యలో పొయ్యి వెనక్కి వెళ్లి ట్యాబ్ తీశాను. కుర్చీ ప్రశ్న దగ్గర నేను పంపిన ఫొటో ఉంది. నా కాళ్లు. ఫొటోని రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుందని మనవరాలు ఎప్పుడో చూపించింది. లాగాను.

నా కాళ్ల పక్కన ప్యాకింగ్ పిల్లల కాళ్లు. వాటి వెనక వియ్యంకుడి కాళ్లు. పాంటు కింద మోకాలి పట్టీ అంచు వేలాడుతోంది. ఒక కాలు నేల మీద పూర్తిగా ఆనించలేదు, కొంగలాగా. ఇంకా లాగాను. బల్లల కాళ్లున్నాయి. యంత్రం కాళ్లున్నాయి. గోడ దాకా లాగాను.

కుర్చీ కాలు ఒక్కటీ లేదు.

మేడమ్‌ని అడిగాను. "ప్యాకింగ్ గదిలో కుర్చీలు ఏమయ్యాయి?"

"నేనే తీయించేశానండీ, రెండేళ్లయింది. దిండ్ల దూదీ చెక్క పేళ్లూ రొట్టెల్లో పడతాయని. ఆ గదిలో కుర్చీ ఉండకూడదని నిబంధన. అందరూ నిలబడే చెయ్యాలి. బయట నడవలో వెయ్యచ్చు, కానీ మీ బావగారు పని వదిలి బయటికి రారు."

రెండేళ్లు. ఆ మోకాలితో.

మరి నాతో ఒక్క ముక్క చెప్పచ్చు కదా, "బావగారూ, ఇక్కడ కుర్చీలుండవు" అని. చెప్పడు. పొగరు. నాకు అలాంటి మనుషులంటే పడదు.

"మరి నేను ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

మేడమ్ ట్యాబ్ తిప్పి చూపించింది. "అవును", "లేదు" పక్కన మూడో మాట కూడా ఉంది. "వర్తించదు". అది నొక్కితే ఆ ప్రశ్న లెక్కలోంచి లేచిపోతుందట, చుక్కతో సహా. మొదటి జవాబు చెరగదు కానీ, దాని కింద దిద్దుబాటు చేర్చచ్చు. ఎందుకు దిద్దుతున్నారో ఆడిట్ చేసినవాడే నోటితో చెప్పాలి. అది రేపు మీటింగులో చదువుతారు.

"నువ్వే చెప్పేయమ్మా, నీకు భాష తెలుసు."

"కుదరదు. మీ గొంతే కావాలి."

మేడమ్ బయటికి వెళ్లి తలుపు వేసింది. నేనూ ట్యాబూ మిగిలాం. పొయ్యి ముందు కంటే ఎక్కువ చెమట పట్టింది. చెప్పాను. ఎక్కువ చెప్పలేదు. గొంతు దాచుకుంటుందన్న సంగతి ఆ సమయానికి మర్చిపోయాను.


14వ తేదీ, శుక్రవారం

మీటింగ్. పొడుగు బల్ల. చుట్టూ మెత్తటి కుర్చీలు, వాటికి దూది గొడవ లేదు కాబోలు. మేనేజరు, మేడమ్, విభాగాల పెద్దలు. వియ్యంకుడు బల్ల చివర కూర్చున్నాడు, ఒక కాలు బారజాపి.

మేడమ్ దిద్దుబాటు చదివింది:

"సంబంధిత విభాగంలో ఆసనాలు నిబంధనల ప్రకారం అనుమతించబడనందున ఈ ప్రశ్న వర్తించదు. ఆడిటర్ పరిశీలనలో లోపం గుర్తించబడింది. అదనంగా, ఆడిటర్ నివాసంలోని ఆసనాలలో యాభై శాతం ప్రస్తుతం వినియోగంలో లేవు."

మేనేజరు కళ్లజోడు తీశాడు. "చివరిదేమిటమ్మా? నివాసంలో ఆసనాలేమిటి?"

"అది... అసలు మాటల్లో వింటే అర్థమవుతుందేమో సార్" అని మేడమ్ బూర నొక్కింది. నా వైపు చూడకుండా నొక్కింది. దొంగ.

నా గొంతు బల్ల మధ్యలోంచి వచ్చింది. ట్యాబ్‌లో నా గొంతు గాడిద తుమ్మినట్టు ఉంటుందని నాకు తెలియదు.

"ఆ గదిలో కుర్చీ లేదు. ఎవరికీ లేదు. మా బావగారు మోకాలి పట్టీతో నిలబడుతున్నాడు, నాకు కనబడలేదు. రొట్టెలో నలకని చూస్తాను, మనిషిని చూడలేదు. అతని పని మంచి పని. అతణ్ణి తీసేస్తే నా రొట్టెలు ఇంకెవడికీ ఇవ్వను, పొయ్యిలోనే ఉంచుకుంటాను. ఇంకోటి. ఇది ఎవరైనా వింటుంటే వినండి. మా ఇంట్లో కుర్చీలు రెండున్నాయి. ఒకటి ఖాళీగా ఉంది. అంతే. ఇది ఎక్కడ ఆపాలి? ఓ మేడమ్మా! ఇది ఎక్కడ..."

ఎవరూ నవ్వలేదు. స్టోరు పెద్ద మాత్రం జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. వియ్యంకుడు పైకప్పు చూస్తున్నాడు. అక్కడ ఏమీ లేదు, నేనూ చూశాను.

లెక్క మళ్లీ వేస్తే ప్యాకింగ్‌కి ఎనభై తొమ్మిది వచ్చింది. ఏడాది పొడిగింపు ఇచ్చారు.

బయటికొచ్చాక వియ్యంకుడు నడవలో రొట్టెల బుట్టలు రెండు తెచ్చి బోర్లించాడు. ప్లాస్టిక్ బుట్టలు.

"కూర్చోండి బావగారూ. ఇది నడవ. ఇవి కుర్చీలూ కావు. నిబంధనకి తెలియకుండా కూర్చుందాం."

కూర్చున్నాను. బుట్ట గళ్లు కింద గుచ్చుకుంటున్నాయి. అయినా లేవలేదు.

"ఎనభై తొమ్మిదేనా?" అన్నాడు. "మిగతా పదకొండు ఎక్కడ కొట్టారు?"

"మీ పిల్లల వాగుడు దగ్గర. అందులో తగ్గేది లేదు."

"ఫ్యాను?"

"ఫ్యాను దగ్గర కూడా."

"ఈసారి మీరొచ్చేటప్పుడు ముందు చెప్పండి, మీవైపు తిప్పి పెడతాను."

"ముందు చెప్తే అది ఆడిట్ ఎలా అవుతుంది?"

మోకాలు రాసుకుంటూ నవ్వాడు. నేను కొంచెం జరిగి నా బుట్టలో సగం అతని కాలికి ఇచ్చాను. చోటు మిగిలి ఉంది కనక.

దిద్దుబాటు కాగితం కూడా అతని ఫోనుకి వెళ్తుందట. ఇంట్లో మనవరాలికి ఆ బూర బొమ్మ నొక్కడం సరదా. నాకేం తెలుసు.


15వ తేదీ, శనివారం

మధ్యాహ్నం మా ఆవిడ వచ్చింది. తలుపు తీసే ఉంది. ఇవాళే కాదు, గాలి కోసం వారంగా తీసే పెడుతున్నాను.

"జలుబు తగ్గిందా?" అన్నాను.

"ఎవరికి?"

"సరే."

సంచి దింపింది. గిన్నె అడుగు చూసింది, నీళ్లు పోసి నానబెట్టింది. తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"కూర్చున్నాను. ఇప్పుడు ఎంత శాతం?"

"దేనికి?"

"ఊరంతా విన్నాక ఇంకా దేనికి అంటారేమిటి. నా ఎదురుగా చెప్పడానికి నోరు రాదు. ఫ్యాక్టరీ మీటింగులో మేనేజరుకి చెప్తారు, కుర్చీ ఖాళీగా ఉందని. ఆయనొచ్చి కూర్చుంటాడా?"

"అది వర్తించదు" అన్నాను.

నవ్వకుండా ఉండాలని చాలా కష్టపడింది. మూతి అటు తిప్పుకుంది. బల్ల మీద చెయ్యి పెట్టి లేవబోతే బల్ల ఒరిగింది.

"ఇదేమిటి, ఊగుతోంది? కింద పెట్టిన డైరీ ఏమయింది?"

"నేను తీశాను. రాసుకుంటున్నాను."

"ఏం రాస్తారు మీరు?"

"పిండి లెక్క."

నమ్మినట్టు తలూపింది. ఆ తలూపడం నాకు తెలుసు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా అంది:

"ఆ మొదటి రికార్డులో ఒక్క మాట మాత్రం నిజం చెప్పారు."

"ఏది?"

"మీరే కదా ఆడిటర్. కనుక్కోండి."

కనుక్కోవడానికేముంది. కుర్చీ కాలు విరిగి ఉంటుందన్నదే అయ్యుంటుంది.


17వ తేదీ, సోమవారం

ఈ డైరీ ఇవాళ్టితో మళ్లీ బల్ల కాలి కిందికి వెళ్తోంది. ఆవిడ పచ్చళ్ల జాడీ పెట్టుకోవాలట. ఊగితే ఒలుకుతుందట. నాకూ ఇక రాయడానికేమీ లేదు, చెప్పుకోడానికి మనిషి వచ్చింది. చెవులు నొప్పెడుతున్నాయని అప్పుడే రెండుసార్లు అంది.

క్యారేజీ సంచిలో అన్నం మీద గ్లౌజులు పెట్టి ఇచ్చింది. నేను అడగలేదు. పొయ్యి దగ్గర తీసి పక్కన పడేశాను. మొదటి వాయి తీసే వేళకి వియ్యంకుడు ఏదో పనున్నట్టు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో ట్యాబ్ ఉంది.

గ్లౌజులు వేసుకున్నాను.

ఇవాళ పొయ్యి దగ్గర కొంచెం చలిగా ఉంది.